శుక్లం ఆపరేషన్: ఆ పదిహేను నిమిషాలకు ముందూ వెనకా

శుక్లం ఆపరేషన్ గురించి మన ఇళ్ళలో రెండు రకాల మాటలు వినిపిస్తాయి. ఒకటి: "పొద్దున్నే వెళ్ళాడు, మధ్యాహ్నానికి ఇంటికొచ్చి అన్నం తిన్నాడు, మర్నాడు పేపరు చదివేశాడు." రెండోది: "వేలకు వేలు పోశాం, పెద్దమ్మకి చూపు మాత్రం అంతంతే." ఒకే ఊళ్ళో, ఒక్కోసారి ఒకే డాక్టరు దగ్గర చేయించుకున్న ఇద్దరి గురించే ఈ రెండు మాటలూ కావచ్చు. మొదటిది కోతలు కాదు, రెండోది నింద కాదు. రెండూ నిజంగా జరిగేవే.

తేడా ఎక్కడ వస్తోంది? డాక్టరు చేతిలో అనుకోవడం సహజం. హస్తవాసి మీద మనకున్న నమ్మకం అలాంటిది. కానీ గత యాభై ఏళ్ళలో ఈ శస్త్రచికిత్స ఎంత నున్నబడిందంటే, తర్ఫీదు పొందిన చేతిలో ఆ పదిహేను, ఇరవై నిమిషాలు సాధారణంగా సాఫీగానే సాగిపోతాయి. ఫలితం ఎక్కువగా తేలేది అంతకు ముందు కొలతల గదిలో, లెన్సు ఎంచుకునే మాటల్లో, ఆ తర్వాతి నెల రోజుల్లో. రోగులూ వాళ్ళ పిల్లలూ అడిగే ప్రశ్నలన్నీ మాత్రం ఆ పదిహేను నిమిషాల చుట్టూనే తిరుగుతాయి: కుట్లు పడతాయా, లేజరా కాదా, నొప్పి పుడుతుందా?

ముందు అసలు సంగతి. కనుపాప వెనక అడ్డంగా 9, 10 మిల్లీమీటర్లు, మందం నాలుగైదు మిల్లీమీటర్లు ఉండే సహజ కటకం ఒకటి ఉంటుంది. తాటిముంజను తలుచుకుంటే దాని తీరు తెలుస్తుంది. పైన పల్చటి తోలు, లోపల అవతలి వెలుగు కనిపించే గుజ్జు. లేతగా ఉన్నప్పుడు మెత్తన, ముదిరేకొద్దీ గట్టి. ఆ గుజ్జులో ఉండేవి క్రిస్టలిన్ అనే ప్రోటీన్లు. కటకం నడిమధ్యన ఉన్నవి పుట్టకముందు ఏర్పడినవే. శరీరం వాటిని తీసి కొత్తవి పెట్టదు. ఏళ్ళు గడిచేకొద్దీ అవి ముద్దకట్టి, లోపలికొచ్చే వెలుతురును చెదరగొడతాయి. అదే శుక్లం, తెలంగాణ పల్లెల్లో మోతిబిందు. చాలామంది అనుకుంటున్నట్టు ఇది కంటి మీద పెరిగే పొర కాదు, పైనుంచి గీకి తీసేదీ కాదు.

అన్ని శుక్లాలూ ఒకేలా బాధించవు. మధ్య భాగం గట్టిపడి పసుపు నుంచి గోధుమ రంగుకు తిరిగే రకంలో దూరం మసకబారుతుంది కానీ, కొన్నాళ్ళు దగ్గర చూపు విచిత్రంగా బాగుపడుతుంది. "డెబ్భై ఏళ్ళొచ్చాయి, అద్దాల్లేకుండా పంచాంగం చూస్తున్నాను" అని మురిసే తాతగార్లలో కొందరి రహస్యం ఇదే. వెనక తోలుకు ఆనుకుని పుట్టే రకం ఇంకోలా ఏడిపిస్తుంది. నీడలో బాగానే ఉంటుంది, ఎండలోకి వస్తే, రాత్రి ఎదురుగా లారీ లైట్లు పడితే ఏమీ కనిపించదు. స్టెరాయిడ్ మందులు ఎక్కువకాలం వాడినవాళ్ళలో, షుగరున్నవాళ్ళలో ఇది నలభై, యాభై ఏళ్ళకే రావచ్చు. మిగతా కారణాల్లో పొగతాగడం, కంటికి తగిలిన దెబ్బ, ఎండలో గడిపిన ఏళ్ళు ఉన్నాయి. అన్నిటికన్నా పెద్ద కారణం వయసే. చుక్కల మందుతో శుక్లం కరుగుతుందని చెప్పి అమ్మే సీసాలకు కొదవ లేదు. అలా కరిగిస్తుందని రుజువైన మందు మాత్రం ఇప్పటిదాకా ఒక్కటీ లేదు. మొదటి దశలో కళ్ళద్దాల నంబరు మారిస్తే కొంతకాలం గడుస్తుంది. ఆ తర్వాత ఆపరేషనే.

ఎప్పుడు? "ఇంకా ముదరలేదు, ముదరనీ" అనే మాట పెద్దవాళ్ళ నోట ఇప్పటికీ వింటాం. ఈ మాట ఒకప్పుడు వైద్యమే, ఇప్పుడు నష్టం. ఈ రోజుల్లో లెక్క వేరు: మీ పనికి అడ్డం వస్తే చేయించుకోవాలి. ఒకే మోతాదు శుక్లం దర్జీకి పని మాన్పిస్తుంది, ఇంట్లో టీవీ చూసుకునే మనిషికి తెలియను కూడా తెలియదు. రాత్రిపూట బండి నడిపేవాడికి ముందే కావాలి. పొలం గట్ల మీద నడిచే ఆవిడకు, మెట్లు ఎక్కిదిగే ఆవిడకు కూడా తొందరే. ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో 70 ఏళ్ళు దాటిన ఆడవాళ్ళను రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు వెంటనే, రెండో జట్టుకు ఆలస్యంగా ఆపరేషన్ చేసి చూశారు. 2005లో వచ్చిన ఫలితం: త్వరగా చేయించుకున్నవాళ్ళు పడిపోవడం మూడో వంతు తగ్గింది. తుంటి ఎముక విరిగితే ఇంట్లో ఏమవుతుందో తెలిసినవాళ్ళకు ఈ ఒక్క సంగతి చాలు. మరీ ముదరనిస్తే కటకం రాయిలా మారి, దాన్ని పగలగొట్టే క్రమంలో నల్లగుడ్డు దెబ్బతినే అవకాశం పెరుగుతుంది. కొందరిలో అది ఉబ్బి కంటి ఒత్తిడి పెంచి నీటికాసుల జబ్బు తెస్తుంది. అలా పోయిన చూపును ఆపరేషన్ వెనక్కి తేలేదు.

ముదరాలన్న నమ్మకం ఎక్కడినుంచి వచ్చిందో తెలియాలంటే చరిత్రలోకి వెళ్ళాలి. సుశ్రుత సంహితలో చెప్పిన పద్ధతిలో కటకాన్ని తీయరు, సూదిలాంటి పరికరంతో చూపు దారిలోంచి పక్కకు నెడతారు. ఊరూరా తిరిగే వైద్యులు ఇరవయ్యో శతాబ్దిలో కూడా ఈ పని చేశారు. వెలుతురు కొన్నాళ్ళు కనపడేది, ఆ తర్వాత చాలా కళ్ళు చీముపట్టి, ఒత్తిడి పెరిగి పోయేవి. పద్దెనిమిదో శతాబ్ది మధ్యలో ఫ్రాన్సులో జాక్ దావియెల్ కటకాన్ని బయటికి తీయడం మొదలుపెట్టాడు. పంజాబులో హెన్రీ స్మిత్ అనే సైనిక వైద్యుడు కటకాన్ని తోలుతో సహా నొక్కి బయటికి తెచ్చే పద్ధతిని వేల కళ్ళ మీద వాడి, "జలంధర్ స్మిత్"గా పేరుపడ్డాడు. తోలుతో సహా ఊడిరావాలంటే కటకం ముదిరి పట్టు వదులుగా ఉండాలి. పచ్చిగా ఉంటే తోలు చిరిగి గుజ్జు కంట్లో మిగిలేది. ఆ రోజుల్లో డాక్టర్లు ఆగమన్నది అందుకే. పద్ధతి మారి నలభై ఏళ్ళయింది, మాట మాత్రం మారలేదు.

కటకం పోయిన కంటికి దాని పని చేయడానికి +10 పవరు కళ్ళద్దం కావాలి. అదే సోడాబుడ్డి అద్దం. ముప్పై ఏళ్ళ కిందటి దాకా ప్రతి వీధి అరుగు మీదా అది కనిపించేది. ఆ అద్దంలోంచి అన్నీ పాతిక శాతం పెద్దగా కనబడతాయి, పక్కల నుంచి వచ్చే మనిషి ఉన్నట్టుండి ఊడిపడతాడు, చెయ్యి చాపితే గ్లాసు అందదు. అద్దం పగిలితే మనిషి మళ్ళీ గుడ్డివాడే. మన దేశపు కంటి శిబిరాల కాలం ఈ అద్దాల కాలమే. కర్ణాటకకు చెందిన డాక్టర్ ఎం.సి. మోదీ ఒక్క రోజులో 833 శుక్లం ఆపరేషన్లు చేసినట్టు గిన్నిస్ పుస్తకం నమోదు చేసింది. ఆ సేవను తక్కువ చేయడానికి లేదు. ఇతర దారి లేని లక్షల మందికి అదే వెలుగు. కాకపోతే ఎన్ని చేశారన్న లెక్క మనకు అప్పుడే అలవాటైంది. ఆ కళ్ళు ఆర్నెల్లకు ఎంత చూస్తున్నాయన్న లెక్క అలవాటు కాలేదు.

ఈ కథను మలుపు తిప్పింది లండన్ డాక్టరు హెరాల్డ్ రిడ్లీ. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాల కిటికీ ప్లాస్టిక్ ముక్కలు పైలట్ల కళ్ళలో గుచ్చుకున్నా, ఆ ప్లాస్టిక్‌ను కన్ను శత్రువుగా చూడకపోవడం ఆయన గమనించాడు. 1949 నవంబరు 29న అదే జాతి పదార్థంతో చేసిన కటకాన్ని ఒక రోగి కంట్లో అమర్చాడు. తోటి వైద్యులు చాలాకాలం ఆయన్ని తప్పుపట్టారు. రెండో మలుపు 1967లో న్యూయార్కులో వచ్చింది. దంతవైద్యుడు పళ్ళ గార తీసే అల్ట్రాసౌండ్ పరికరాన్ని చూసి, ఇదే కదలికతో కటకాన్ని కంట్లోనే పొడి చేసి పీల్చేయవచ్చుకదా అని చార్లెస్ కెల్మన్ ఆలోచించాడు. ఇప్పుడు అందరి నోటా వినే ఫాకో అదే.

ఫాకోలో జరిగేది ఇది. నల్లగుడ్డు అంచున రెండు మిల్లీమీటర్లకు కాస్త మించిన గాటు పెడతారు. జిగురులాంటి ద్రవం ఎక్కించి లోపల చోటు చేస్తారు. కటకపు తోలు ముందు భాగంలో అయిదు మిల్లీమీటర్ల గుండ్రటి కిటికీ చింపుతారు. చూసేవాళ్ళకు చిన్న పనే అనిపిస్తుంది కానీ, డాక్టరు నైపుణ్యమంతా ఆ గుండ్రదనంలోనే ఉంటుంది. సెకనుకు వేలసార్లు కదిలే సన్నటి గొట్టంతో గుజ్జును ముక్కలు చేసి పీలుస్తారు. వెనక తోలు మిల్లీమీటరులో వెయ్యోవంతులు కొన్నింటి మందమే ఉంటుంది, దాన్ని చిరగనివ్వకూడదు. మిగిలిన ఖాళీ సంచిలోకి మడత లెన్సును సిరంజిలాంటి గొట్టంతో పంపుతారు, అది లోపల విప్పుకుంటుంది. గాటు దానంతటదే మూసుకుంటుంది, కుట్టు అక్కర్లేదు.

దీనికి పేదింటి చెల్లెలుగా చూసే పద్ధతి ఇంకొకటి ఉంది, ఎస్‌ఐసీఎస్. గాటు ఆరేడు మిల్లీమీటర్లు ఉంటుంది, అయినా సొరంగంలా ఏటవాలుగా పెట్టడంతో కుట్టు లేకుండానే మూసుకుంటుంది. ఖరీదైన యంత్రం వద్దు, ముదిరిన శుక్లానికి బాగా పనికొస్తుంది, తొందరగా అయిపోతుంది. నేపాల్‌లో సందుక్ రుయిత్, మన దేశంలో మధురై అరవింద్ ఆసుపత్రి దీన్ని సానబెట్టాయి. 2005లో పుణె నుంచి, 2007లో నేపాల్ నుంచి వచ్చిన పోలిక అధ్యయనాల్లో, అద్దాలు పెట్టి కొలిచిన చూపు రెండు పద్ధతుల్లోనూ ఇంచుమించు సమానం. అద్దాలు లేకుండా చూస్తే పుణెలో ఫాకోది కొంత పైచేయి. "మా అమ్మకి ఫాకో చెయ్యలేదు, శిబిరంలో పాత పద్ధతి చేసేశారు" అని బాధపడే పిల్లలు ఈ సంగతి తెలుసుకుంటే మంచిది. తెల్లగా ముదిరిన శుక్లానికి అనుభవమున్న చెయ్యి ఎస్‌ఐసీఎస్ ఎంచుకుందంటే అది తక్కువ వైద్యం కాదు.

లేజరు సంగతీ ఇక్కడే తేల్చుకుందాం. ఫెమ్టో లేజర్ అనే యంత్రం గాటునూ కిటికీనీ కోసి, కటకాన్ని పాక్షికంగా చీలుస్తుంది. గుజ్జు తీయడానికి మళ్ళీ ఫాకో గొట్టమే దిగాలి. ఫ్రాన్సులోని అయిదు విశ్వవిద్యాలయ ఆసుపత్రులు మామూలు ఫాకోతో దీన్ని పోల్చి 2020లో లాన్సెట్‌లో ప్రకటించాయి: ఫలితంలో మెరుగేమీ లేదు, ఖర్చు మాత్రం ఎక్కువ. అదే ఏడు బ్రిటన్ అధ్యయనమూ ఇంచుమించు ఇదే చెప్పింది. కొన్ని ప్రత్యేకమైన కళ్ళలో డాక్టర్లు దాన్ని కోరుకోవచ్చు. "బ్లేడు లేని ఆపరేషన్" అన్న బోర్డు చూసి మాత్రం అప్పు చేయనక్కర్లేదు.

ఇక నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన గది, కొలతల గది. లోపల పెట్టే లెన్సు పవరు అందరికీ ఒకటే కాదు. నల్లగుడ్డు వంపు కొలవాలి, కంటి పొడవు కొలవాలి, ఆ రెంటినీ సూత్రంలో వేసి పవరు తేల్చాలి. సాధారణంగా కంటి పొడవు 23, 24 మిల్లీమీటర్లు. ఇందులో ఒక్క మిల్లీమీటరు తప్పితే కళ్ళద్దం పవరు రెండున్నర డయాప్టర్లు అటూ ఇటూ అవుతుంది. అంటే ఆపరేషన్ అద్భుతంగా జరిగినా మనిషి మసకగానే చూస్తాడు. ఇదివరకు కంటికి తాకించే అల్ట్రాసౌండ్ కడ్డీతో కొలిచేవారు. కాస్త నొక్కితే కొలత తగ్గేది. ఇప్పుడు కాంతితో, కంటిని తాకకుండా కొలిచే యంత్రాలు వచ్చాయి. శుక్లం బాగా ముదిరితే ఆ కాంతి లోపలికి పోదు, పాత పద్ధతే గతి. తొందరగా రావడంలో ఇదో లాభం. కాంటాక్ట్ లెన్సులు వాడేవాళ్ళు కొలతకు కొన్ని రోజుల ముందు మానేయాలి. కన్ను బాగా పొడిగా ఉంటే ముందు దాన్ని సరిచేయాలి. బ్రిటన్‌లో 2009లో ప్రతిపాదించిన ప్రమాణం ప్రకారం నూటికి 85 కళ్ళు అనుకున్న పవరుకు ఒక డయాప్టరు లోపు రావాలి. అంటే మంచి చోటైనా మిగిలిన పదిహేనుకు గురి కొంత తప్పవచ్చు. ఆ మాట ముందే చెప్పిన డాక్టరును అనుమానించవద్దు, ఆయన నిజం చెబుతున్నాడు.

హైదరాబాద్, బెంగళూరు, అమెరికాలలో ఉన్న మన సాఫ్ట్‌వేర్ తరానికి ఇక్కడ ఒక హెచ్చరిక. కళ్ళద్దాలు తప్పించుకోవడానికి పాతికేళ్ళ వయసులో లాసిక్ చేయించుకున్నవాళ్ళకు నల్లగుడ్డు వంపు మారిపోయింది. మామూలు సూత్రాలు వాళ్ళ దగ్గర దారి తప్పుతాయి. లాసిక్‌కు ముందు మీ నంబరెంత, వంపెంత అన్న కాగితం ఎక్కడుందో ఇప్పుడే వెతికి దాచుకోండి.

కొలత తర్వాత ఎంపిక. తకరారు ఎక్కువగా పుట్టేది ఇక్కడే. మామూలు లెన్సు, అంటే మోనోఫోకల్, ఒక్క దూరానికే స్పష్టత ఇస్తుంది. ఎక్కువమందికి దూరానికి పెడతారు; చదవడానికి, బియ్యంలో రాళ్ళు ఏరడానికి అద్దాలు కావాలి. మర్నాడే పేపరు చదివిన ఆయనకు బహుశా దగ్గరకు గురిపెట్టి ఉంటారు, లేదా లెన్సు వేరు. జీవితమంతా దగ్గరి అక్షరాలు అద్దాల్లేకుండా చదివిన మయోపియా మనిషికి అడక్కుండా దూరపు లెన్సు పెడితే ఎదురుగా ఉన్న పుస్తకం పోయిందని బాధపడతాడు. అందుకే మొదటి ప్రశ్న డాక్టరు మిమ్మల్ని అడగాలి: రోజంతా మీరేం చేస్తారు? ఆయన అడక్కపోతే మీరే చెప్పండి. బీడీలు చుట్టే ఆవిడ, కంప్యూటరు ముందు కూర్చునే గుమాస్తా, రాత్రి బస్సు నడిపే డ్రైవరు, ముగ్గురికీ కావలసిన దూరాలు వేరు.

మల్టీఫోకల్ లెన్సు వెలుతురును పంచి దూరానికీ దగ్గరకూ ఇస్తుంది. అద్దాల అవసరం బాగా తగ్గుతుంది, ఇది నిజమే. అయితే పంచడం అంటే ఒక్కోదానికి తక్కువ రావడమే. మసక వెలుతురులో స్పష్టత కొంత తగ్గుతుంది, రాత్రి లైట్ల చుట్టూ వలయాలు కనిపిస్తాయి. చాలామంది నెలల్లో అలవాటు పడతారు, కొందరు పడరు, ఒకరిద్దరు లెన్సు మార్పించుకుంటారు. రెటీనా జబ్బు, ముదిరిన నీటికాసులు ఉన్న కళ్ళకు ఇది సరైనది కాదు. దూరానికీ నడిమి దూరానికీ సాగే లెన్సులు ఇప్పుడు మధ్యేమార్గంగా వచ్చాయి. ఒక కన్ను దూరానికి, రెండోది కొంచెం దగ్గరకి పెట్టడం ఇంకో ఉపాయం. దానికి మామూలు లెన్సులే చాలు. సిలిండ్రికల్ పవరు ఎక్కువున్నవాళ్ళకు టోరిక్ లెన్సు నిజంగా పనికొస్తుంది. దాన్ని సరైన కోణంలో కూర్చోబెట్టాలి, 30 డిగ్రీలు తిరిగిందంటే పెట్టిన ప్రయోజనమంతా పోయినట్టే.

ధరల పట్టిక చూపించి "మంచిదా, ఇంకా మంచిదా" అని అడగడం కొన్ని చోట్ల రివాజైంది. కొడుకు ముందు తండ్రికి చవకది అడగడం నామోషీ, తండ్రికేమో కొడుకు జేబు గుబులు. లెన్సుకు ఎక్కువ ధర పలికితే ఎక్కువ చూపు వస్తుందని అర్థం కాదు. బాగా కొలిచి పెట్టిన మామూలు లెన్సు, అరకొరగా కొలిచి పెట్టిన ఖరీదైన లెన్సు కంటే మేలు. మధురైలో 1992లో మొదలైన ఆరోల్యాబ్ దిగుమతి ధరలో చిన్న భాగానికే లెన్సులు తయారుచేయడంతోనే సోడాబుడ్డి అద్దాలు మన ఊళ్ళ నుంచి పోయాయి. ఆ లెన్సులు కోట్ల కళ్ళలో పనిచేస్తున్నాయి.

డాక్టరుకు మీరు తప్పక చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి. ప్రోస్టేట్ కోసం టామ్సులోసిన్ మాత్ర వేసుకుంటున్నారా? ఎప్పుడో మానేసినా చెప్పండి. ఆ మందు కనుపాప కండరాన్ని సడలిస్తుంది, ఆపరేషన్ మధ్యలో అది అలల్లా ఊగి అడ్డం పడుతుంది. 2005లో ఈ సంగతి బయటపడింది. ముందే తెలిస్తే డాక్టరు సిద్ధంగా ఉంటాడు. రక్తం పలచబడే మందులు మీ అంతట మీరు ఆపకండి, చాలాసార్లు ఆపక్కర్లేదు కూడా. షుగరున్నవాళ్ళు రెటీనా పరీక్ష ముందుగా చేయించుకోవాలి. వాపు ఉంటే ముందు దానికి వైద్యం. శుక్లం తీసినా వెనక తెర పాడై ఉంటే చూపు ఎక్కడినుంచి వస్తుంది? మొదట చెప్పిన పెద్దమ్మల్లో చాలామంది సమాధానం ఇదే.

ఆపరేషన్ రోజు గురించి చెప్పడానికి అంతగా లేదు. కనుపాప పెద్దది కావడానికి చుక్కలు వేస్తారు. మత్తు చుక్కలతో కానీ, కంటి పక్కన సూదిమందుతో కానీ ఇస్తారు. మనిషికి మెలకువ ఉంటుంది, నొప్పి ఉండదు, నీళ్ళు పోస్తున్నట్టు, కాస్త ఒత్తినట్టు తెలుస్తుంది. కత్తి కనిపిస్తుందేమోనని చాలామంది భయం. కనిపించేది వెలుగు, రంగులు, కదిలే నీడలు. తలమీద గుడ్డ కప్పుతారు కాబట్టి ఆయాసం, దగ్గు, ఇరుకంటే భయం ఉన్నవాళ్ళు ముందే చెప్పాలి. రెండో కంటికి మన దగ్గర కొన్ని రోజులో వారాలో ఆగుతారు. రెండు కళ్ళకూ ఒకే రోజు చేసే పద్ధతి ఐరోపాలో కొన్ని చోట్ల ఉంది.

పట్టీ విప్పాక మొదట ఆశ్చర్యపరిచేవి రంగులు. గోడ ఇంత తెల్లగా ఉందా, ఆకాశం ఇంత నీలమా అంటారు. పసుపు కటకం ఇన్నాళ్ళూ నీలాన్ని మింగేసింది మరి. 1923లో కుడికంటికి ఆపరేషన్ చేయించుకున్న ఫ్రెంచి చిత్రకారుడు క్లోద్ మోనే అన్నీ నీలంగా కనిపిస్తున్నాయని గోల పెట్టాడు. మనవాళ్ళు అద్దంలో తమ ముడతలు చూసి గోల పెడతారు. అదొక్కటి ఏ డాక్టరూ ముందు చెప్పడు.

తర్వాతి నెల మీ చేతిలో ఉంటుంది. చుక్కల మందు నాలుగు నుంచి ఆరు వారాలు, చెప్పిన లెక్కలో తగ్గిస్తూ వేయాలి. చేతులు కడుక్కుని, సీసా మొన కంటికి తగలకుండా వేయాలి. నలపకూడదు, రాత్రి కవచం పెట్టుకోవాలి, కొన్ని రోజులు తలస్నానం, కట్టెల పొయ్యి పొగ, చెరువు మునకలు వద్దు. పథ్యం సంగతికి వస్తే వంకాయ, గోంగూర, చేపలు, మాంసం మానేసినంత మాత్రాన గాయం త్వరగా మానిపోదు. అన్నీ తినొచ్చు, షుగరున్నవాళ్ళు అదుపులో ఉంచుకుంటే చాలు. చలికాలంలోనే చేయించాలన్నదీ గుడారపు శిబిరాల నాటి అలవాటు, నేటి థియేటరుకు ఏ కాలమైనా ఒకటే. కంట్లో ఇసుక పడ్డట్టు గరగర, కాస్త నీరు కారడం, పక్కన నీడలాంటిది కొన్ని వారాలు ఉండవచ్చు. కొన్ని నెలలకో ఏళ్ళకో "శుక్లం మళ్ళీ వచ్చింది" అని కొందరు వెళ్తారు. శుక్లం మళ్ళీ రాదు; లెన్సు వెనక మిగిల్చిన తోలు మసకబారుతుంది. యాగ్ లేజరుతో కొద్ది నిమిషాల్లో అందులో కిటికీ తెరుస్తారు. లేజరు నిజంగా పని చేసేది ఇక్కడ.

తప్పు జరిగే చోట్లు తక్కువే కానీ ఉన్నాయి. వెనక తోలు చిరగడం అనుభవజ్ఞుల చేతిలోనూ నూటికి ఒకటీ రెండు సార్లు జరుగుతుంది. లెన్సు వేరే చోట అమర్చి చాలా కళ్ళను కాపాడుకోవచ్చు. నెల తర్వాత రెటీనాలో వాపు రావచ్చు, మందులతో తగ్గుతుంది. మెరుపులు, నల్లచుక్కల జల్లు, పక్క నుంచి తెర దిగడం కనిపిస్తే రెటీనా ఊడుతోందేమో చూడాలి, ముఖ్యంగా మయోపియా ఎక్కువున్నవాళ్ళలో. అన్నిటికన్నా భయంకరమైనది కంటిలోపల చీము. మొదటి వారంలో నొప్పి పెరుగుతూ, ఎర్రబడుతూ, చూపు తగ్గుతుంటే తెల్లారేదాకా ఆగకూడదు, గంటలే లెక్క. ఆపరేషన్ చివర కంట్లోకే యాంటీబయాటిక్ ఇవ్వడం దీన్ని బాగా తగ్గించింది. అరవింద్ ఆసుపత్రులు ఆరు లక్షలకు పైగా ఆపరేషన్లను పరిశీలించి 2017లో ప్రకటించిన లెక్కలో, ఆ మందు లేనివాళ్ళలో పదివేలకు 7, ఉన్నవాళ్ళలో 2. అయితే ఆ రెండు అంకెలూ క్రమశిక్షణ ఉన్న చోటివి. 2016లో హైదరాబాద్ సరోజినీదేవి కంటి ఆసుపత్రిలో శుక్లం ఆపరేషన్ చేయించుకున్న పలువురికి ఒకేసారి ఇన్‌ఫెక్షన్ వచ్చింది, వాడిన ద్రవం మీదే వేలు పడింది. సీసాలో ద్రవం చెడితే ఎంత మంచి చెయ్యి ఉన్నా ప్రయోజనం లేదు.

ఇదంతా ఒక కంటి కథ. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1996 నుంచి 2000 వరకు హైదరాబాద్, పశ్చిమగోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్‌లలో ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ జరిపిన సర్వేలో అంధత్వానికి 44 శాతం కారణం శుక్లమే. ఆ కాలంలోనే ప్రపంచ బ్యాంకు అప్పుతో మన రాష్ట్రంతో సహా ఏడు రాష్ట్రాల్లో లెన్సు ఆపరేషన్లు పెరిగాయి. 2015-19 జాతీయ సర్వేలో 50 ఏళ్ళు దాటినవాళ్ళ అంధత్వంలో శుక్లం వాటా 66.2 శాతం. దాని కిందే ఇంకో అంకె ఉంది, నన్ను ఎక్కువ ఆపింది అదే: 7.2 శాతం అంధత్వానికి కారణం శుక్లం ఆపరేషన్‌లో వచ్చిన చిక్కులు. ఇంతమంది చూపు కోసం వెళ్ళి పోగొట్టుకున్నారు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 2018, 2019లలో మొదలైన కంటి వెలుగు కార్యక్రమాలు ఊళ్ళోకే వచ్చి పరీక్ష చేశాయి, అద్దాలిచ్చాయి. పరీక్షలో శుక్లం తేలిన ముసలావిడ జిల్లా కేంద్రం దాకా వెళ్ళాలంటే మాత్రం తోడు కావాలి. కొడుకుకి కూలి పోతుంది, కోడలికి పిల్లలు. "నాకేం పనుంది, ఈ కాస్త చూపు చాలు" అనేది ఎక్కువగా ఆడవాళ్ళే. ముధోల్ లాంటి చిన్న ఊళ్ళలో కంటి ఆసుపత్రి పెట్టడం ఎందుకు తెలివైన పనో ఆ ముసలావిడను చూస్తే తెలుస్తుంది.

2021లో ప్రపంచ ఆరోగ్య సభ కొత్త కొలబద్ద ఒప్పుకుంది. ఎంతమందికి ఆపరేషన్ చేశారన్నది కాక, అవసరమున్నవాళ్ళలో ఎంతమందికి చేసి, వాళ్ళ చూపు 6/12 లేదా అంతకంటే మెరుగ్గా వచ్చిందన్నది చూడాలి. ఆ శాతాన్ని 2030కల్లా 30 పాయింట్లు పెంచాలన్నది లక్ష్యం. మన జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమపు లక్ష్యాలు ఏళ్ళ తరబడి ఆపరేషన్ల సంఖ్యలోనే నడిచాయి. కొత్త కొలబద్దకు కావలసింది పెద్ద యంత్రమేమీ కాదు, నెల తర్వాతి పరీక్ష. లెన్సు పెట్టాక మిగిలిన చిన్న నంబరుకు అద్దాలు రాసేది అప్పుడే, వాపులూ ఒత్తిడీ పట్టుబడేదీ అప్పుడే. శిబిరం నుంచి బస్సులో తీసుకెళ్ళి, పట్టీ కట్టి, శాలువా కప్పి, ఫొటో తీసి దింపేసిన మనిషిని నెల తర్వాత మళ్ళీ తీసుకురావడానికి ఎవరూ రాకపోతే ఆ పరీక్ష జరగదు. శిబిరానికి చందా ఇచ్చే దాతలు ఫ్లెక్సీ ఖర్చు అడిగే ముందు ఆ రెండో ప్రయాణానికి పద్దు ఉందా అని అడగవచ్చు. ఇంట్లో పిల్లలైతే కాలెండరులో ఆ తేదీ చుట్టూ సున్నా చుట్టి, ఆ రోజుకి సెలవు పెట్టుకోవచ్చు.